చీటీల మేడమ్ దాచిన మాట

ఆ హైస్కూల్లో ఆలస్యంగా వచ్చిన పిల్లలందరూ ముందుగా చూసేది ఆమె మొహమే. గేటు దాటగానే ఎడమ చేతివైపు ఆఫీసు గది, దానికి ఊచలు లేని చిన్న కిటికీ, కిటికీ వెనక కళ్లజోడు ముక్కు మీదికి జారిపోతూ ఆమె. తొమ్మిదీ పది దాటి వచ్చిన ప్రతివాళ్లకీ ఒక పసుపుపచ్చ చీటీ రాసివ్వాలి. అది చూపిస్తేనే తరగతిలో కూర్చోనిస్తారు. చీటీలయ్యాక హాజరు పట్టీలు తెప్పించుకుని, రానివాళ్ల ఇళ్లకు ఫోన్లు చేయాలి. పదిహేడేళ్లుగా ఇదే పని. పిల్లలకు ఆమె పేరు తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు. అందరికీ ఆమె చీటీల మేడమ్.

చీటీలో పేరు, తరగతి, టైము, కారణం అని నాలుగు గడులుంటాయి. మొదటి మూడూ ఎవరైనా నింపగలరు. నాలుగో గడి దగ్గరే ఆమె తీరు వేరు. పిల్లలు ఏది చెబితే అది రాసేస్తుంది. బస్సు రాలేదంటే బస్సు రాలేదు. నిద్ర లేవలేదంటే నిద్ర లేవలేదు. ఒక మహానుభావుడు "బద్ధకం మేడమ్" అంటే తల ఎత్తకుండా 'బద్ధకం' అని రాసిచ్చింది. దాన్ని పట్టుకుపోయి లెక్కల మాస్టారికి చూపించి వాడు తిన్న చీవాట్లు వాడి ఖర్మ. ఒకసారి ఏడో తరగతి పిల్ల "అమ్మ ఏడుస్తోంది, వదిలి రాబుద్ధి కాలేదు" అంది. అదీ రాసింది. ఎందుకేడుస్తోంది, ఇంట్లో ఏమైంది అని అడగలేదు. "మంచినీళ్లు తాగి వెళ్లమ్మా" అని మాత్రం అంది.

అందుకే ఆమెంటే పిల్లలకు ఇష్టం. టీచర్లకూ ఆమె దగ్గర కష్టం సుఖం చెప్పుకోవడం అలవాటు. ఆమె కడుపులో పడ్డ మాట బయటికి రాదని పేరు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారే, ఆమె విషయంలో ఆ సామెత పనిచేయదు. భర్త కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి, సరదా మనిషి. "మా ఆవిడ దగ్గర దొంగసొత్తు దాచినా పోలీసులు కనుక్కోలేరు" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది.

అడగకపోవడం ఆమె మంచితనమని లోకం అనుకుంది. మంచితనం కొంత ఉందేమో కానీ, అసలుది భయం. అడిగితే చెబుతారు. చెబితే మోయాలి. ఆమె అప్పటికే ఒకటి మోస్తోంది.

ఆమె చదువుకున్నదీ ఆ స్కూల్లోనే. పదో తరగతిలో ఆమె పక్కన ఒక పిల్ల కూర్చునేది. మగపిల్లల కంటే జానెడు పొడుగు. అందరూ నిచ్చెన అని పిలిచేవారు. ఈమె పొట్టి కాబట్టి ఈమె బుడ్డి. ఇద్దరూ కలిసి క్లాసులోకి వస్తుంటే సైన్సు మాస్టారు "నిచ్చెనా బుడ్డీ వచ్చేశాయి, ఇక ఎక్కి దీపం పెట్టడమే తరువాయి" అనేవారు. నిచ్చెనకు తండ్రి లేడు. తల్లి స్కూలు ఎదురు వీధిలో టైలరు. కింద మిషను, పైన ఒక గది, తల్లీకూతుళ్లిద్దరే. బుడ్డి ఆవిడను పిన్నీ అని పిలిచేది. సాయంత్రాలు ఆ మిషను పక్కనే కూర్చుని ఇద్దరూ హోమ్‌వర్కులు చేసుకునేవారు.

పరీక్షలకు ఇరవై రోజులుందనగా, ఒక శనివారం మధ్యాహ్నం, స్కూలు వెనక కుళాయి దగ్గర టిఫిన్ గిన్నెలు కడుక్కుంటూ నిచ్చెన తనకు బతకాలని లేదని చెప్పింది. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకుంది. బుడ్డి ఒట్టు వేసింది. వేసిన ఒట్టును ప్రాణంలా నిలబెట్టుకుంది. సోమవారం నిచ్చెన స్కూలుకు రాలేదు. పదకొండు గంటలకు హెడ్‌మాస్టరు క్లాసులోకి వచ్చి, కుర్చీ పట్టుకుని నిలబడి, ఆ అమ్మాయి ఇక లేదని చెప్పారు.

నాలుగో రోజున బుడ్డి ఆ ఇంటికి వెళ్లింది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పిన్ని ఆమె రెండు భుజాలూ పట్టుకుని, కళ్లలోకి చూసి అడిగింది.

"నీకేమైనా చెప్పిందా తల్లీ?"

"లేదు పిన్నీ."

అదీ ఆమె మోస్తున్నది. స్నేహితురాలు చెప్పిన మాట ఒకటి, స్నేహితురాలి తల్లికి చెప్పిన అబద్ధం ఇంకొకటి. మొదటిదాని కంటే రెండోదే బరువు. మొదటిది పదహారేళ్ల పిల్ల తెలియక చేసింది. రెండోదాన్ని మాత్రం ఇరవై, ముప్పై, ముప్పై తొమ్మిది ఏళ్ల మనిషి తెలిసి తెలిసి చేస్తూ వచ్చింది. ఎందుకంటే పిన్ని అడగడం మానలేదు. మొదట్లో కనబడ్డ ప్రతిసారీ అడిగేది. తర్వాత ఏడాదికోసారి, కూతురు పోయిన రోజు వచ్చినప్పుడు. అదే ప్రశ్న, అవే మాటలు. బుడ్డి కూడా అదే జవాబు చెప్పేది.

మరొకరైతే ఆ వీధి మొహం చూసేవారు కాదు. ఈమె వేరే టైలరు దగ్గరికే వెళ్లలేదు. పిన్నికి చూపు మందగించాక, వెళ్లినప్పుడల్లా పది పన్నెండు సూదుల్లో దారాలెక్కించి వరసగా దిండుకు గుచ్చి వచ్చేది. "ఆవిడ నీకు కుట్టిన జాకెట్టు చేతులు ఏనాడైనా సమంగా ఉన్నాయా? అయినా అక్కడికే పరిగెడతావు" అని భర్త ఆటపట్టించేవాడు. ఇన్నేళ్ల సంసారపు రహస్యాలన్నీ తెలిసిన ఆ మనిషికీ ఇది తెలియదు.

నిచ్చెన పోయిన ఇరవై మూడో ఏడాది ఊళ్లోని వేరే స్కూలు పిల్లలు ఇద్దరు ప్రాణాలు తీసుకున్నారు. పైనుంచి ఆర్డరు వచ్చింది. ప్రతి హైస్కూల్లోనూ పిల్లలతోనే ఒక జట్టు కట్టాలి. తోటివాళ్ల బాధ ముందు తెలిసేది తోటివాళ్లకే కాబట్టి, ఆ జట్టు పిల్లలకు వినడం నేర్పాలి, విన్నది నమ్మకమైన పెద్దవాళ్లకు చేరవేయడం నేర్పాలి. నేర్పడానికి ఒక కౌన్సిలర్ మేడమ్‌ను పంపారు. ముప్పై దాటని మనిషి, గట్టి గొంతు, భుజానికో పెద్ద సంచీ.

హెడ్‌మాస్టరుకు ఇది మింగుడు పడలేదు. "సిలబస్సే పూర్తి కావడం లేదు. పైగా ఈ మాటలన్నీ పిల్లల దగ్గర ఎత్తితే, నిద్రపోతున్నవాళ్లను తట్టిలేపి చెప్పినట్టుంటుంది."

"లేపక్కర్లేదు సార్. వాళ్లు నిద్రపోవడం లేదు" అంది కౌన్సిలర్.

జట్టు కోసం హెడ్‌మాస్టరు మొదటి ర్యాంకుల వాళ్ల లిస్టు తయారుచేసి ఇచ్చారు. ఆమె మర్యాదగా వెనక్కిచ్చి, ఆఖరి బెంచీ నుంచి ఒకణ్ణి, ఆటల పిచ్చివాణ్ణి ఒకణ్ణి, ఎవరితోనూ మాట్లాడని పిల్లను ఒకదాన్ని, అందరితోనూ మాట్లాడే పిల్లను ఒకదాన్ని, ఇలా పన్నెండుమందిని ఏరుకుంది. ఆ అందరితోనూ మాట్లాడే పిల్ల పేరు హాజరు పట్టీలో ఏముందో గానీ, స్కూలు మొత్తానికీ గడగడ. మాట మొదలుపెడితే ఫుల్‌స్టాపు కోసం ఎదుటివాళ్లు వెతుక్కోవాలి.

తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలందరికీ తలా ఒక కాగితం ముక్క ఇచ్చి, "మీకు పెద్ద కష్టమొస్తే ఈ స్కూల్లో ఏ పెద్దవాళ్ల దగ్గరికి వెళతారు? పేరు రాయండి. ఎవరూ లేకపోతే ఖాళీగా ఇవ్వండి" అంది. సాయంత్రం స్టాఫ్‌రూములో అవన్నీ విప్పారు. ఆటల మాస్టారికి ముప్పై. హెడ్‌మాస్టరుకు రెండు, అందులో ఒకటి ఆయన మేనకోడలిదని అందరికీ అనుమానం. నలభై ఒక్క కాగితాల మీద 'చీటీల మేడమ్' అని ఉంది. ఖాళీవి అరవై పైన ఉన్నాయి. మిగతావాళ్లు తమ పేర్లు ఎన్నొచ్చాయో చూసుకుంటుంటే కౌన్సిలర్ మాత్రం ఆ ఖాళీ కాగితాలను ఒక్కొక్కటే తిప్పి చూస్తూ కూర్చుంది.

కబురు విని చీటీల మేడమ్ కంగారు పడిపోయింది. "నేనేమిటండీ? కిటికీ దగ్గర చీటీలు రాసుకునేదాన్ని. నాకేం తెలుసు?"

"తెలియకపోతే నేర్పుతాను. తెలిసినట్టు మాట్లాడేవాళ్లకు నేర్పడమే కష్టం" అంది కౌన్సిలర్.

రెండు రోజులు లైబ్రరీ గదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని శిక్షణ. ఒకరు బాధలో ఉన్న పిల్లలా మాట్లాడాలి, ఇంకొకరు వినాలి. నీతులు చెప్పకూడదు, "ఇదీ ఒక కష్టమేనా" అనకూడదు. అనుమానమొస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని తిన్నగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదనీ, ఉన్న ఆలోచన బయటికొస్తుందనీ కౌన్సిలర్ పదేపదే చెప్పింది. పిల్లలు మొదట ఆ మాట పలకలేక నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు.

రెండో రోజు గడగడ బాధలో ఉన్న పిల్ల, చీటీల మేడమ్ వినే పెద్ద మనిషి. గడగడ ఆ రోజు తక్కువ మాట్లాడింది. తల దించుకుని, గోళ్లు చూసుకుంటూ, "మీకొకటి చెప్తాను మేడమ్. ఎవరికీ చెప్పనని ఒట్టేస్తారా?" అంది.

"ఒట్టు" అనేసింది చీటీల మేడమ్.

గది గొల్లుమంది. పిల్లలందరికీ తెలిసిన మొదటి సూత్రమది. అన్నీ దాచొచ్చు, ప్రాణం మీదికొచ్చే మాట దాచకూడదు, దానికి ఒట్టు వేయకూడదు. తొమ్మిదో తరగతి కుర్రవాడు సైతం తప్పు చేయని చోట పెద్దావిడ తప్పులో కాలేసింది. కౌన్సిలర్ నవ్వుతూనే సర్దిచెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగింది. చీటీల మేడమ్ కళ్లజోడు తీసి కొంగుతో తుడుస్తోంది. అద్దాలు ఎప్పుడో శుభ్రమైపోయాయి. అయినా తుడుస్తూనే ఉంది.

"ఆట కదా మేడమ్" అంది గడగడ భయపడి.

"ఆటే అమ్మా. నోటికి అలవాటైపోయింది" అందామె.

నోటికి అలవాటైన ఒట్టును వదిలించడానికి పిల్లలే ఒక చార్టు రాసి లైబ్రరీ గోడకు అంటించారు. 'ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ముందు పెద్దవాళ్ల చెవిన పెట్టు.' హెడ్‌మాస్టరు వచ్చి చూసి, కాస్త పుస్తక భాషలో ఉంటే బాగుండేదన్నారు. ఎవరూ మార్చలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పదిన్నరకు, చీటీల వేళ దాటిపోయాక, గడగడ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. మాట్లాడలేదు. గడగడ మాట్లాడకుండా నిలబడిందంటే ఏదో ఉందన్నమాటే.

"ఏమ్మా?"

"ఏం లేదు మేడమ్. ఊరికే."

రానివాళ్ల లిస్టు ముందుంది, ఫోను మోగుతోంది. మామూలుగా అయితే "మంచినీళ్లు తాగి వెళ్లు" అనేదే. ఆ రోజు ఫోను తీసి పక్కన పెట్టి, బయటికి వచ్చి ఆ పిల్ల ఎదురుగా నిలబడింది. పదిహేడేళ్లలో మొదటిసారి అడిగింది.

"ఎవరి గురించి?"

గడగడ చుట్టూ చూసింది. "ఒట్టేశాను మేడమ్. శిక్షణ అయ్యాక కూడా వేశాను. అది ఏడుస్తుంటే వేయకుండా ఉండలేకపోయాను. ఇప్పుడు చెప్తే జన్మలో నాతో మాట్లాడదు."

అప్పుడు చీటీల మేడమ్ ఇరవై మూడేళ్లుగా ఎవరికీ చెప్పని మాటను, కన్నతల్లికీ కట్టుకున్నవాడికీ చెప్పని మాటను, వరండాలో నిలబడి పదిహేనేళ్ల పిల్లకు చెప్పింది. "నీ వయసులో నేనూ ఒట్టేశానమ్మా. నిలబెట్టుకున్నాను. నా స్నేహితురాలు లేదు."

గడగడ వెంటనే పేరు చెప్పేసింది. తొమ్మిదో తరగతి పిల్ల, ఎప్పుడూ పుస్తకం వెనక అట్ట మీద బొమ్మలు గీసుకుంటూ ఉండేది. రానివాళ్ల లిస్టులో ఆ పేరు ఆ రోజు నాలుగోది.

ఫోను చేస్తే బొమ్మల పిల్ల తల్లి ఎత్తింది. "తలనొప్పట మేడమ్, పడుకుంది. నేను పనికి బయల్దేరుతున్నాను."

"వెళ్లకండి. ఇప్పుడే గదిలోకి వెళ్లి ఆమె పక్కన కూర్చోండి. ఏమీ అడగకండి, కోప్పడకండి. మేం వచ్చేదాకా అక్కడినుంచి లేవకండి" అంది చీటీల మేడమ్. తన గొంతు అంత గట్టిగా పలుకుతుందని ఆమెకే తెలియదు. ఇరవై నిమిషాల్లో కౌన్సిలర్‌తో కలిసి ఆ ఇంట్లో ఉంది. తలుపు తీసిన తల్లి వెనక, మంచం మీద మోకాళ్లు ముడుచుకుని ఆ పిల్ల కూర్చుని ఉంది. కౌన్సిలర్ తిన్నగా అడిగింది. ఆ పిల్ల అవునన్నట్టు తల ఊపింది. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మూడు వారాలు తల్లి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. నాలుగో వారంలో ఆ పిల్ల మళ్లీ స్కూలుకు వచ్చింది.

వచ్చింది గానీ గడగడ వైపు కన్నెత్తి చూడలేదు. బెంచీ మార్చుకుంది. గడగడ కిటికీ దగ్గరికి వచ్చి ముక్కు చీదుకుంటూ చెప్పింది. "నన్ను చూస్తే మొహం తిప్పేసుకుంటోంది మేడమ్."

"తిప్పుకోనీవే. తిప్పుకోవడానికి మనిషుంది కదా."

గడగడ కళ్లు తుడుచుకుంది. కాసేపు కిటికీ చెక్క మీద వేలితో గీతలు గీసి, ఉన్నట్టుండి అడిగింది. "మేడమ్, మీ స్నేహితురాలి గురించి చెప్పారు కదా. వాళ్లమ్మకు చెప్పారా తర్వాతైనా?"

"లేదు."

"ఎందుకు?"

ఆమె ముందున్న చీటీల పుస్తకం సర్దింది. ఆ పిల్ల వెటకారంగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది. "మరి మాకు మాత్రం చెప్పేయమంటారు?" అంది. లోపల బెల్లు కొట్టారు, క్లాసుకు పరిగెత్తింది.

ఆ మాట చీటీల మేడమ్‌కు చెప్పులో రాయిలా రోజంతా గుచ్చుకుంది. ఎందుకు చెప్పలేదో ఆమెకు బాగా తెలుసు. కన్నవాళ్ల తర్వాత ఆమెను పేగుబంధంలా చూసుకున్న మనిషి పిన్ని. చెప్పిన మరుక్షణం ఆ గుమ్మం మూసుకుపోతుంది. నా కూతుర్ని నువ్వే చంపావు అంటుంది. అనకపోయినా అనుకుంటుంది. ఆ ఒక్క గుమ్మం కోసమే ఇన్నేళ్లూ అబద్ధమాడింది. గడగడ స్నేహం పోగొట్టుకుని నిజం చెప్పింది. నేనేం పోగొట్టుకున్నాను అనుకుంది.

అయిదు గంటలకు స్కూలు గేటు దాటి ఎదురు వీధిలోకి నడిచింది.

పిన్నికి అరవై అయిదు దాటాయి. మెడలో టేపు వేసుకుని, కిటికీ పక్కన వెలుతురులో మిషను మీద యూనిఫామ్ పాంటుకు అంచు కుడుతోంది. నేలంతా నీలం గుడ్డ ముక్కలు. "రా తల్లీ. దారాలెక్కించి పెట్టు, పొద్దుట్నుంచి నీకోసమే చూస్తున్నాను" అంది.

చీటీల మేడమ్ స్టూలు మీద కూర్చుంది. సూది తీసుకోలేదు.

"పిన్నీ, నువ్వు ఏటా నన్నొకటి అడుగుతావు. నీకేమైనా చెప్పిందా అని."

మిషను ఆగింది.

"చెప్పింది పిన్నీ. శనివారం చెప్పింది, కుళాయి దగ్గర. ఒట్టేయించుకుంది. నేనెవరికీ చెప్పలేదు. నీకు ఇన్నేళ్లూ అబద్ధం చెప్పాను." అంతవరకూ ఒకే ఊపిరిలో చెప్పి, ఇక ఏం వచ్చినా రానిమ్మని తల వంచుకుంది.

పిన్ని పాంటును మడత పెట్టింది. మళ్లీ విప్పింది. టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంది. చిన్న గొంతుతో, "నాకు చెప్పానని చెప్పిందా?" అంది.

చీటీల మేడమ్‌కు అర్థం కాలేదు.

"గురువారం నాకూ చెప్పిందే. ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే నిలబడి చెప్పింది. నాకు మర్నాటికి నలభై యూనిఫాములు ఇవ్వాల్సి ఉంది. మిషను ఆపకుండానే విన్నాను. పరీక్షలంటే అందరికీ అలాగే ఉంటుంది, పైకి పోయి చదువుకో అన్నాను. తల కూడా ఎత్తలేదు." పిన్ని చేతికి చుట్టుకున్న టేపు కొస పట్టుకుని లాగింది. "నిన్నెందుకు అడిగేదాన్ని అనుకున్నావు? అమ్మకు చెబితే పట్టించుకోలేదని నీతో అందేమోనని. నువ్వు లేదన్నప్పుడల్లా బతికాననుకునేదాన్ని. ఇంత నీచురాలినా నేను అని మళ్లీ ఏడ్చేదాన్ని."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఒకే శవాన్ని ఇద్దరూ ఇరవై మూడేళ్లు విడివిడిగా మోశారు, అదీ ఒకే గదిలో కూర్చుని.

"పిన్నీ..."

"ఆగు" అంది పిన్ని. ఆవిడకు కోపమొచ్చింది. రావలసిన కోపమే. "అప్పుడు చెప్పలేదంటావా, పదహారేళ్ల పసిదానివి, నిన్నేమీ అనను. పెద్దదాన్ని నేనే వినలేదు. కానీ తర్వాత ఏమైందే నీకు? పెళ్లిచేసుకున్నావు, ఉద్యోగం చేశావు, ఈ స్టూలు మీద కూర్చుని ఎన్ని వందల దారాలెక్కించావు! ఒక్కసారి నోరు విప్పుంటే నాతో కూర్చుని ఏడవడానికి ఒక మనిషుండేది కదే!"

నువ్వూ చెప్పలేదు కదా పిన్నీ అన్న మాట చీటీల మేడమ్ నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అడిగినది ఆవిడ. అడిగినప్పుడు చెప్పవలసింది తను. ఏ ఒక్కరి మాటతోనో, ఏ ఒక్కరి మౌనంతోనో ఇలాంటివి జరగవని కౌన్సిలర్ శిక్షణలో చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. అది నిజమే. కానీ ఆ గదిలో ఆ నిమిషాన దాన్ని చెప్పడానికి నోరు రాలేదు.

పిన్ని కోపం వచ్చినంత త్వరగానూ దిగిపోయింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఏమంది? దాని మాటల్లోనే చెప్పు. నీ సొంతం ఏమీ కలపకు. ఇరవై మూడేళ్లుగా అది మాట్లాడినవే తలచుకుని తలచుకుని అరగదీశాను. నేను వినని మాట ఒకటుందని ఇవాళే తెలిసింది."

ఆ మాటలు చీటీల మేడమ్‌కు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఎలా మరిచిపోతుంది?

"నా గిన్నె కూడా అదే కడిగింది పిన్నీ. కడుగుతూ అంది. 'పొద్దున్నే లేవాలంటే ఏడుపొస్తోందే బుడ్డీ. ఎందుకో తెలీదు. అందరిలో కూర్చున్నా ఎక్కడో ఉన్నట్టుంటోంది. నాకు బతకాలని లేదు.' నేను పిచ్చిమాటలు మాట్లాడకన్నాను. నవ్వింది. 'సరేలే, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి' అంది."

అక్కడ ఆగింది.

"అంతేనా?"

అంతే అనొచ్చు. అనడం చాలా తేలిక, దయ కూడా. ముసలి ప్రాణం, ఇంకెంతని తట్టుకుంటుంది? దాచడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఇంకొక్క వాక్యం దాచిపెడితే ఎవరికీ ఏమీ తెలియదు. పిన్ని ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, మసకబారిన కళ్లతో పెదవుల వైపే చూస్తోంది.

"ఇంకొకటంది. 'అమ్మకు అస్సలు చెప్పకు. అమ్మకు చాలా పనుంది, పాపం.'"

పిన్ని చెయ్యి మోకాలి మీద బిగుసుకుంది.

"పాపం అందా?"

"అంది."

"కోపంగా అందా?"

"కాదు పిన్నీ. జాలిగా అంది."

అప్పుడు పిన్ని ఏడ్చింది. ఆ నాలుగో రోజున కూడా బుడ్డి చూడని ఏడుపు అది. వీధిలోకి వినబడేటట్టు, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఎవరో తండ్రీ కొడుకూ యూనిఫామ్ కోసం గుమ్మం దాకా వచ్చి బిత్తరపోయి నిలబడ్డారు. చీటీల మేడమ్ లేచి, "రేపు రండి" అని చెప్పి తలుపు దగ్గరగా వేసింది. తిరిగొచ్చి నీలం గుడ్డ ముక్కల మధ్య నేల మీద కూర్చుని, పిన్ని ఒళ్లో తల పెట్టుకుని, పదహారో ఏట ఏడవవలసిన ఏడుపు తనూ ఏడ్చింది. ఊరుకోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.